ఐదు బి

మా గది తలుపుకి లక్క ముద్ర పడి
ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు.
లోపల ఇనప పెట్టెల్లో నూట పన్నెండు యంత్రాలు,
నల్లబల్ల మీద నేను సగం చెరిపిన భిన్నాల లెక్క,
కిటికీ గూట్లో పదకొండు ప్లాస్టిక్ గ్లాసులు.
గ్లాసుల్లో తడి దూది, దూదిలో చిక్కుడు గింజలు.

యంత్రాల సంగతి దేశమంతా మాట్లాడుతోంది.
గింజల సంగతి అడిగేది నా పిల్లలే.

వ్యాసర్పాడి కార్పొరేషన్ బడిలో
తెలుగు చదివేది ఆ పదకొండు మందే.
ఇప్పుడు వరండా చివర, నీళ్ల డ్రమ్ము పక్కన
గోనెపట్టా మీద కూర్చుంటున్నారు.
కర్ఫ్యూ లేని పూట వస్తారు.
ఉన్న పూట నేను హాజరు పట్టీలో సున్నా చుట్టి
ఆ సున్నాలోకి కాసేపు చూస్తాను.

ఢిల్లీలో ఇద్దరు గెలిచారట.
ఇద్దరికీ దండలు పడ్డాయి,
ఇద్దరూ చేతులెత్తి దండం పెట్టారు.
మూలకడై దగ్గర బస్సు మాత్రం ఒకటే తగలబడింది.
దాన్నెవరు కాల్చారంటే చెరో కథ చెబుతారు.
కోటమ్మ వాళ్ల నాన్న ఆ బస్సుకి కండక్టరు.
దూకేశాడు గానీ టికెట్ల సంచి వదల్లేదు.
డిపోలో చిల్లర పైసాతో సహా అప్పజెప్పి
ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక
అప్పుడు వణికాయట చేతులు.

పోలింగు రోజున సిరా పూసింది నేనే.
ఏడు వందల ముప్పై ఆరు వేళ్లు.
అంట్లు తోమి నానిన వేళ్లు,
చేప పొలుసు ఇంకా అంటి ఉన్న వేళ్లు,
గోరే లేని వేలొకటి.
ఎక్కడ పూయమంటావమ్మా అంటే
"తోలు మీద పూయి తల్లీ, అదీ నాదేగా" అంది మస్తానమ్మ.
ఇప్పుడు కోర్టు తరఫున ఒకాయన వచ్చి అడుగుతున్నాడు,
ముప్పై ఆరా, ముప్పై ఏడా అని.
నిజం చెప్పాలంటే
మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు
ఒక్కసారి కళ్లు మూసుకున్నాను.
నా రెప్పపాటు ఢిల్లీ దాకా పోయింది.

ఐప్పసి వాన మొదలైంది.
ఐదు బి కప్పు కిటికీ దగ్గర కురుస్తుంది.
మూడేళ్లలో ఆరు అర్జీలు పెట్టాను, ఎవరూ పైకి చూడలేదు.
ఇప్పుడు పెద్దపెద్దవాళ్లు దిగి, మెడలు వెనక్కి వంచి చూశారు.
టార్పాలిన్ కప్పాలన్నారు.
ఎవరి టార్పాలిన్ అన్న దగ్గర ఆగింది.
వీళ్లు తెచ్చిన దాని రంగు వాళ్లకి గిట్టదు,
వాళ్లు తెచ్చినది చూసి వీళ్లు గేటు దగ్గరే అరిచారు.
ఎక్కడో వెతికి రంగు లేని పట్టా తెస్తే
నిచ్చెన ఎవరు పట్టుకోవాలో తేలలేదు.
సాయంత్రం దాకా పట్టా తడిసింది, నిచ్చెన తడిసింది.

నేను నోరెత్తలేదు.
ఆ ధార ఎక్కడ పడుతుందో నాకు తెలుసు:
గూట్లో ఎడమ నుంచి మూడు, నాలుగు గ్లాసుల మీద.
దేవుడా, ఇంకో రెండ్రోజులు
వీళ్లకి పొత్తు కుదరనీకు అనుకున్నాను.
అనుకున్నాక సిగ్గేసింది.
బస్సులు తిరగాలన్నా, కోటమ్మ ఇంట్లో జీతం రావాలన్నా
కుదరాల్సింది వీళ్లకే కదా.

ఇవాళ పొద్దున యేసురత్నం డ్రమ్మెక్కి
కిటికీకి కొట్టిన చెక్కల సందులో కన్ను పెట్టాడు.
"టీచర్, వచ్చాయి! పచ్చగా లేవు.
తెల్లగా, సన్నగా, చాలా పొడుగు.
అన్నీ నా కంటి వైపే వంగి ఉన్నాయి."
ఎన్నిరా?
"మూడు. కాదు, నాలుగు."
ఎవరివి?
గ్లాసుల మీద పేర్లు అటు తిరిగి ఉన్నాయి.
కింద పదిమందీ ఒకేసారి నాది అన్నారు.
జుట్లు పట్టుకునే దాకా వచ్చింది.

కాపలా జవాను మంగ్రా, జార్ఖండ్ కుర్రాడు,
మా తెలుగు రాదు, బయటి తమిళమూ రాదు.
కిటికీ దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దని అతనికి ఆర్డరు.
గబగబా వచ్చాడు.
తుపాకీ గోడకి ఆనించి
డ్రమ్ము కదలకుండా
రెండు చేతులతో పట్టుకున్నాడు.